ఫోను మార్చేముందు రాసుకోవాల్సిన చిట్టా

కొత్త ఫోను కొనబోయేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఏది కొనమంటారు?" అలవాటైన ఆండ్రాయిడ్ వదిలి ఐఫోన్‌కు వెళ్లేవాళ్లయినా, ఐఫోన్ వదిలి ఇటు వచ్చేవాళ్లయినా ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టాలి. అసలు ఎందుకు మారుతున్నారో ముందు తేల్చుకోవాలి.

కొందరికి ఒకప్పుడు వేరే దారి లేకపోయింది. విండోస్ ఫోను వాడినవాళ్లను అడగండి, చెబుతారు. 2019 చివరికి వాట్సాప్ ఆ ఫోన్లలో ఆగిపోయింది. ఆ వెంటనే మైక్రోసాఫ్ట్ కూడా చేతులు దులుపుకుంది. బ్లాక్‌బెర్రీ పాత ఫోన్లకు 2022 జనవరి 4తో నూకలు చెల్లాయి. ఇవాళ చెప్పుకోదగ్గవి రెండే మిగిలాయి, రెండూ ఇప్పట్లో మూతపడేవి కావు. కాబట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లడం పూర్తిగా మన ఇష్టం. కాకపోతే మన పిల్లల ఇష్టం.

ఫోను నెమ్మదించిందని మారాలనుకునేవాళ్లు చాలామంది. ఐదేళ్ల కిందట పన్నెండు వేలకు కొన్న ఫోనును చేతిలో పట్టుకుని, పక్కింటాయన కొత్త ఐఫోన్‌ను చూసి, "ఆండ్రాయిడ్ అంటే ఇంతేనండీ" అనేస్తారు. ఆ పోటీలో న్యాయం లేదు. ఆయన పెట్టిన డబ్బులో సగం పెట్టినా మంచి ఆండ్రాయిడ్ వస్తుంది, నెమ్మదితనం పోతుంది, వేళ్లకు పట్టిన అలవాట్లు అలాగే ఉంటాయి. మీ కారణం అదొక్కటే అయితే ఈ అధ్యాయం మీకు అక్కర్లేదు. ఇంట్లో మిగతా అందరిదీ ఐఫోనే కావడం, వీడియో బాగా రావాలనుకోవడం, ఫోను ఏళ్ల తరబడి నడవాలనుకోవడం, లేదంటే ఐఫోన్ బిగింపులు భరించలేక కాస్త స్వేచ్ఛ కోరుకోవడం... ఇలాంటివైతే ముందుకు చదవండి.

ఒక మామూలు రోజు

కాగితం, కలం తీసుకోండి. ఆదివారం వద్దు, పండగ వద్దు, మామూలు పనిరోజు చాలు. పొద్దున లేచింది మొదలు ఫోనుతో చేసిన ప్రతి పనీ రాయండి. "ఫోను మాట్లాడాను" అని కాదు. ఏ సిమ్ము నుంచి మాట్లాడారు, పేరు ఎలా వెతికారు, మాట్లాడుతూ ఇంకేం చేశారు, అంత వివరంగా.

విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన ఉన్నాడనుకుందాం. ఆయన చిట్టా ఇలా ఉండొచ్చు. పొద్దున్నే ఈ-పేపరు. షాపు నంబరుకు ఒక వాట్సాప్, ఇంటి నంబరుకు ఇంకో వాట్సాప్, రెండూ ఒకే ఫోనులో. ఊళ్లలోని దుకాణాలవాళ్లు ఫోనులో ఆర్డరు చెబితే రికార్డు చేసుకుని, సాయంత్రం తీరిగ్గా విని పుస్తకంలో ఎక్కించడం. బిల్లింగ్‌కు ఒక యాప్, అది ప్లేస్టోర్‌లో దొరకదు, ఎవరో పంపిన ఏపీకే ఫైలు. మెమరీ కార్డు నిండా పాత పాటలు. రింగ్‌టోన్ ఘంటసాల పాట. రోజంతా యూపీఐ.

ఈయన ఐఫోన్ కొంటే ఏమవుతుందో ఒక్కొక్కటే చూడండి. ఈ-పేపరుకు, యూపీఐకి ఢోకా లేదు. రెండు వాట్సాప్‌ల దగ్గర ఆగాలి. ఆండ్రాయిడ్‌లో షావొమీ, శాంసంగ్ లాంటి కంపెనీలు ఒకే యాప్‌ను జంటగా చేసుకునే వీలు ఎప్పటినుంచో ఇస్తున్నాయి. ఐఫోన్‌లో ఆ ఏర్పాటు లేదు. ఒక నంబరుకు మామూలు వాట్సాప్, రెండో నంబరుకు వాట్సాప్ బిజినెస్ వేసుకోవడం అందరూ పట్టే దారి. మన వ్యాపారికి అది చక్కగా నప్పుతుంది కూడా.

కాల్ రికార్డింగ్ అలా నప్పదు. ఐఫోన్‌లో ఆ సదుపాయమే 2024 అక్టోబరులో ఐఓఎస్ 18.1తో వచ్చింది. అది కూడా మీట నొక్కగానే "ఈ కాల్ రికార్డు అవుతోంది" అని ఇద్దరికీ వినపడేలా చెప్పి మరీ మొదలుపెడుతుంది. గూగుల్ డయలర్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా చెబుతాయి. చడీచప్పుడు లేకుండా రికార్డు చేసేవి కొన్ని కంపెనీల ఫోన్లే. అవతలివాళ్లకు తెలియకుండా రికార్డు చేయడం నా దృష్టిలో మర్యాద కాదు. కానీ పదిహేను రకాల మందుల పేర్లు గడగడా చెప్పేవాడి ఆర్డరు రాసుకోవడానికి ఇంకో మార్గం చూసుకోవాలన్నది మాత్రం నిజం.

ఏపీకే సంగతి మరీ తేలిక: ఐఫోన్‌లో అది ఎక్కనే ఎక్కదు. మీ ఆఫీసు, మీ శాఖ, మీ డీలరు ఇచ్చే యాప్ ఆపిల్ యాప్ స్టోర్‌లో ఉందో లేదో ఇంకో ఐఫోన్‌లో వెతికించి చూసుకోండి. లేకపోతే చర్చ అక్కడితో ముగిసినట్టే. టీచర్లు, అంగన్వాడీలు, సచివాలయ ఉద్యోగులు, ఫీల్డులో తిరిగే సేల్స్‌వాళ్లు ఫోను కొనేముందు చూసుకోవాల్సిన మొదటి విషయం ఇదే. ఇందులోనే ఒక మేలు కూడా ఉంది. పెళ్లిపత్రిక పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే దొంగ ఏపీకేలు నొక్కి ఖాతా ఖాళీ చేసుకున్నవాళ్ల కథలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. కనపడ్డదల్లా నొక్కే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ఐఫోన్‌కు ఓటేయడానికి కెమెరా కన్నా ఇది గట్టి కారణం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో మొదలైన మన మిత్ర లాంటి ప్రభుత్వ సేవలు వాట్సాప్ మీదే నడుస్తాయి కాబట్టి వాటికి ఏ ఫోనైనా ఒకటే.

మెమరీ కార్డుకు ఐఫోన్‌లో చోటు లేదు, మొదటినుంచీ లేదు. రింగ్‌టోన్‌కు చోటుంది కానీ, నచ్చిన పాట పెట్టుకోవడం ఏళ్ల తరబడి ఒక తతంగంగా ఉండేది. గ్యారేజ్‌బ్యాండ్ అనే సంగీతం యాప్‌లోకి పాటను తీసుకెళ్లి, ముక్క కోసి, అక్కడినుంచి పంపాల్సి వచ్చేది. 2025లో వచ్చిన ఐఓఎస్ 26తో ఆ బాధ తగ్గింది. ఇంత చిన్న విషయం ఎందుకంటారేమో. కొత్త ఫోను మీద మనసు విరిగేది ఇలాంటి చిన్న విషయాల దగ్గరే. ప్రాసెసర్ పేరు చూసి విసుక్కున్నవాళ్లను నేనింతవరకు చూడలేదు.

ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు వచ్చేవాళ్ల చిట్టా చిన్నది. ఆపిల్ వాచీ ఉంటే అది ఆండ్రాయిడ్‌తో పనిచేయదు, వాచీ కూడా మార్చాల్సిందే. ఫేస్‌టైమ్ పోతుంది. అమెరికాలో ఉన్న పిల్లలు లింకు పంపితే బ్రౌజర్‌లో తెరిచి మాట్లాడొచ్చు, ఆ వీలు 2021 నుంచి ఉంది. మెసేజీ బుడగ నీలమా ఆకుపచ్చా అన్న గొడవ అమెరికా కుర్రాళ్లది. వాట్సాప్‌లో బతికే మనకు దానితో పనిలేదు.

చిట్టా పూర్తయ్యాక ప్రతి పని పక్కనా ఒక గుర్తు పెట్టండి: అలాగే ఉంటుంది, ఇంకోలా ఉంటుంది, ఉండదు. "ఉండదు" అన్న గుర్తుపడ్డ పని రోజూ చేసేదైతే అలాంటిది ఒక్కటి చాలు, మారకపోవడానికి. నెలకోసారి చేసేవి నాలుగున్నా ఫరవాలేదు.

అమెరికా నుంచి వచ్చిన ఫోను

మన ఇళ్లల్లో ఐఫోన్ చాలాసార్లు షాపు నుంచి రాదు, సూట్‌కేసులో వస్తుంది. మా బాబాయికి డాలస్‌లో ఉన్న మా చెల్లెలు ఐఫోన్ 15 పంపింది. ఆయన పెట్టె విప్పి, పాత ఫోనులోంచి సిమ్ము ఊడదీసి, సూది చేత్తో పట్టుకుని కొత్త ఫోనును నాలుగు వైపులా తిప్పి చూశాడు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ తిప్పాడు. "ఏరా, సిమ్ము పెట్టే అర ఏది? ఫోను సగంలో చేసి పంపించారా?" అన్నాడు.

అర ఉండదు. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ము అర తీసేశారు, అంతా ఈసిమ్మే, అంటే ఫోను లోపలే ఉండే సిమ్ము. మన దేశంలో అమ్మే మామూలు ఐఫోన్లలో ఒక సిమ్ము అర, దానితోపాటు ఈసిమ్ము ఉంటాయి. 2025లో వచ్చిన ఐఫోన్ ఎయిర్ మాత్రం ఎక్కడ కొన్నా ఈసిమ్ముదే. జియో, ఎయిర్‌టెల్, వీఐ ఈసిమ్ము ఇస్తాయి కాబట్టి ఫోను పనికిరాకుండా పోదు. అయితే మామూలు సిమ్మును ఈసిమ్ముగా మార్పించుకున్నాక 24 గంటలపాటు ఆ నంబరుకు ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. సిమ్ము మార్పు మోసాలను ఆపడానికి టెలికాం శాఖ పెట్టిన నిబంధన అది. ఎస్ఎంఎస్ లేదంటే ఓటీపీ లేదు. ఓటీపీ లేదంటే ఆ రోజుకు బ్యాంకు పని లేదు. మా బాబాయి ఆ రోజు కరెంటు బిల్లు పిన్ని ఫోనులోంచి కట్టాడు, దానికి ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను.

తీసుకురమ్మని చెప్పేముందు ఇంకో రెండు కనుక్కోండి. అక్కడి నెట్‌వర్క్ కంపెనీ వాయిదాల మీద ఇచ్చిన ఫోనైతే లాక్ అయి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిస్తే క్యారియర్ లాక్ అన్న చోట ఆంక్షలు లేవని కనపడాలి. రెండోది, ఐఫోన్ వారంటీని కొన్న దేశానికే పరిమితం చేసుకునే హక్కు ఆపిల్ తన షరతుల్లో ఉంచుకుంది. ధరలో మిగిలేది చూసి మురిసిపోయేముందు ఇది కూడా లెక్కలో వేయాలి.

షాపులో చూడాల్సినవి

మారాలని తేలాక ఏ మోడల్ అన్న ప్రశ్న వస్తుంది. నేనైతే ముందు ఏళ్లు అడుగుతాను. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, శాంసంగ్ 2024లో ఎస్24తో ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని మాటిచ్చాయి. ఆపిల్ అలా ముందే డప్పు కొట్టదు కానీ, 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్ఎస్‌కు 2024లో ఐఓఎస్ 18 దాకా ఇచ్చింది. తక్కువ ధర ఫోన్లలో ఈ కాలం బాగా తక్కువ, ఒకే కంపెనీలో కూడా మోడల్‌ను బట్టి మారుతుంది. 70 వేల ఫోను ఏడేళ్లు నడిస్తే ఏడాదికి పదివేలు. 20 వేల ఫోను నాలుగేళ్లు నడిస్తే ఏడాదికి ఐదువేలు. లెక్క కట్టి చూస్తే ఖరీదైనదే చవక అన్న మాట ప్రతిసారీ నిజం కాదని తెలుస్తుంది. ఇంకో మాట: కౌంటరు మీద ఉన్న రెండేళ్ల కిందటి మోడల్‌కు ఆ ఏడేళ్లలో రెండేళ్లు అప్పుడే అయిపోయాయి. తగ్గింపు ధర కనపడగానే ఇది గుర్తు రావాలి.

ఐఫోన్‌కు వెళ్తే అదనంగా అయ్యే ఖర్చులు ఉంటాయి. 2020 నుంచి ఐఫోన్ పెట్టెలో ఛార్జర్ దిమ్మ ఇవ్వడం లేదు, తీగ మాత్రమే ఇస్తారు. ఐఫోన్ 15 నుంచి టైప్-సీ వచ్చింది కాబట్టి ఇంట్లో ఉన్న దిమ్మ పనికొస్తుంది. అంతకన్నా పాతది కొంటే తీగ కూడా వేరే. గూగుల్ ఉచితంగా 15 జీబీ ఇస్తుంది, ఐక్లౌడ్ 5 జీబీ ఇస్తుంది. ఐదు జీబీ అంటే మనవరాలి అన్నప్రాశన వీడియోలకే చాలదు. మెమరీ కార్డు లేదు కనుక కొనేటప్పుడే పెద్ద స్టోరేజీ తీసుకోవాలి, లేదా నెలనెలా కట్టాలి.

షాపులో ఫోను చేతికిచ్చినప్పుడు కెమెరా తెరవకండి. అందరూ అదే చేస్తారు, షాపు లైట్లలో ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది. దానికి బదులు తెలుగులో మీ ఊరి పేరు, మీ ఇంటిపేరు టైపు చేయండి. మీరు రోజూ ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునేవాళ్లయితే అదే పద్ధతిలో కొట్టి చూడండి. ఐఫోన్‌లో సొంత తెలుగు కీబోర్డు ఉంది, గూగుల్ జీబోర్డు కూడా వేసుకోవచ్చు. కాకపోతే పాస్‌వర్డు కొట్టే చోట అది తన కీబోర్డునే ముందుకు తోస్తుంది. ఐఫోన్‌కూ తెలుగుకూ పాత పేచీ కూడా ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజీగా వస్తే చాలు, ఐఫోన్లు కుప్పకూలేవి. ప్రపంచమంతా ఒక్క తెలుగు అక్షరానికి భయపడిన వారం అది. కొద్ది రోజుల్లోనే ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు.

తర్వాత అక్షరాలు పెద్దవి చేసి చూడండి. చొక్కా జేబులో పెట్టుకుని వంగి చూడండి. ఒక్క చేత్తో పట్టుకుని బొటనవేలితో పైమూల అందుతుందేమో చూడండి, ఎందుకంటే ఐఫోన్‌లో వెనక్కి వెళ్లే గుర్తు చాలా యాప్‌లలో పైన ఎడమ మూలనే ఉంటుంది.

సామాను తరలింపు

అన్నిటికన్నా ఎక్కువమంది బోల్తాపడేది వాట్సాప్ దగ్గర. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ గూగుల్ ఖాతాలోకి వెళ్తుంది, ఐఫోన్‌లో ఐక్లౌడ్‌లోకి వెళ్తుంది. ఒకదాని బ్యాకప్ ఇంకోదాంట్లో తెరుచుకోదు. "బ్యాకప్ ఉందిగా" అన్న ధీమాతో పాత ఫోను చెరిపేసినవాళ్లకు పదేళ్ల మాటలు, అమ్మ పంపిన వాయిస్ మెసేజీలు పోతాయి.

సరైన దారి ఉంది. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు వెళ్లేటప్పుడు పాత ఫోనులో ఆపిల్ వాళ్ల మూవ్ టు ఐఓఎస్ అనే యాప్ వేసుకోవాలి. 2022 నుంచి అది వాట్సాప్‌ను కూడా తీసుకెళ్తోంది. ఫోటోలు, పరిచయాల నంబర్లు, మెసేజీలు సరేసరి. ఒక్క షరతు: ఐఫోన్ కొత్తగా, ఇంకా సెటప్ కాని స్థితిలో ఉండాలి. ఇక్కడే చిక్కు. షాపు కుర్రాడు సాయం చేస్తున్నాననుకుని కౌంటరు మీదే ఫోను ఆన్ చేసి, గబగబా సెటప్ ముగించి, వాల్‌పేపర్ కూడా పెట్టి ఇస్తాడు. తర్వాత వాట్సాప్ తెచ్చుకోవాలంటే మొత్తం చెరిపి మళ్లీ మొదలుపెట్టాలి. "బాబూ, తెరవొద్దు, పెట్టెలోనే ఇవ్వు" అని చెప్పండి. ఇంటికొచ్చి రెండు ఫోన్లూ ఛార్జింగ్‌కు పెట్టి, పని ముగిసేదాకా పాత ఫోనులో ఆ యాప్‌ను తెరమీదే ఉంచండి. మధ్యలో కాల్ వచ్చిందని అటు వెళ్తే మొదటికొస్తుంది. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కైతే రెండు ఫోన్లనూ తీగతో కలపాలి. అక్కడా కొత్త ఫోను సెటప్ కాకుండా ఉండాలి, ఆండ్రాయిడ్ 12 లేదా ఆపైది కావాలి.

తరలించేముందు చెత్త తీసేయండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజీ దగ్గరకు వెళ్తే ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి విడిగా చూపిస్తుంది. శుభోదయాలన్నీ అక్కడే గుట్టగా దొరుకుతాయి.

నంబర్ల విషయంలో నా సలహా కొంచెం మొండిగా ఉంటుంది. చాలామంది ఆండ్రాయిడ్ ఫోన్లలో కొన్ని నంబర్లు సిమ్ములో, కొన్ని ఫోనులో, కొన్ని గూగుల్ ఖాతాలో చెల్లాచెదురుగా ఉంటాయి. కంప్యూటర్‌లో గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి, అక్కడ కనపడనివాటిని ముందు అందులోకి చేర్చండి. ఐఫోన్‌లోకి వెళ్లాక కూడా వాటిని అక్కడే ఉంచండి. ఐఫోన్‌లో గూగుల్ ఖాతా జోడిస్తే అవన్నీ కనపడతాయి, కొత్తగా చేర్చే నంబర్లు కూడా అందులోకే వెళ్లేలా సెట్టింగ్ పెట్టుకోవచ్చు. ఫోటోలు, పాస్‌వర్డులు, రాసుకున్న నోట్సు విషయంలోనూ ఇంతే: రెండు వైపులా తెరుచుకునే చోట దాచుకోండి. కంపెనీలు లోపలికి వచ్చే తలుపులు బార్లా తెరుస్తాయి, బయటికి పోయే తలుపు ఎక్కడుందో చెప్పవు. మూడేళ్ల తర్వాత మళ్లీ ఇటు రావాలనిపిస్తే ఆ తలుపు మీరు పెట్టుకున్నదే అయి ఉండాలి.

డబ్బుల యాప్‌లు చివర పెట్టుకోండి. ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు యాప్‌లు ఏవీ సామానుతోపాటు తయారుగా రావు, ప్రతిదాన్నీ కొత్తగా నమోదు చేయాలి. బ్యాంకులో ఉన్న నంబరు సిమ్ము కొత్త ఫోనులో ఉండాలి, దాన్నుంచి ఒక ఎస్ఎంఎస్ వెళ్లాలి. ఆండ్రాయిడ్‌లో అది దానంతటదే వెళ్లిపోయేది. ఐఫోన్‌లో మెసేజీ తెరుచుకుంటుంది, పంపే బాణాన్ని మీరే నొక్కాలి. ఇది తెలియక తెరవైపు చూస్తూ కూర్చునేవాళ్లున్నారు. ఫోను మార్చిన తొలి 24 గంటల్లో యూపీఐ పంపకాలకు 5,000 రూపాయల పరిమితి పెట్టే బ్యాంకులున్నాయి. ఐఫోన్ విషయంలో ఆ గడువును 72 గంటలు చేసినవీ ఉన్నాయి. కాబట్టి ఇంటద్దె కట్టే రోజు, పిల్లల ఫీజు ఆఖరి తేదీ, పెళ్లి వారం, రైలెక్కే ముందురోజు ఫోను మార్చొద్దు. నెల మధ్యలో ఒక తీరిక శనివారం చూసుకుని, జేబులో కొంత నగదు పెట్టుకుని మార్చండి. ప్లేస్టోర్ ద్వారా నెలనెలా కడుతున్న చందాలుంటే అక్కడికే వెళ్లి రద్దు చేయాలి. లేకపోతే వాడని ఫోనుకు చందా కోత పడుతూనే ఉంటుంది.

మొదటి రెండు వారాలు

వదినగారి వంటింట్లో మొదటిసారి వంట చేస్తున్నప్పుడు పని తెలిసినా చెయ్యి తడబడుతుంది, ఉప్పు కోసం పంచదార డబ్బా తీస్తాం. కొత్త ఫోనుతోనూ అంతే. బొటనవేలు కింద కుడిమూలకు వెళ్తుంది, అక్కడ వెనక్కి వెళ్లే మీట ఉండదు. ఎడమ అంచు నుంచి లోపలికి తోస్తే చాలా యాప్‌లలో వెనక్కి వెళ్తుందని తెలిసినా వేలికి తెలియడానికి కొన్నాళ్లు పడుతుంది. ఫైళ్లు ఎక్కడ పడుతున్నాయో తెలియక ఒకే పీడీఎఫ్‌ను మూడుసార్లు దించుతారు. ఈ రోజుల్లో "అనవసరంగా కొన్నాను" అన్న తీర్పు ఇవ్వకండి. మీకు కోపం వచ్చిన ప్రతి చోటునూ పాత చిట్టా వెనకే రాసి పెట్టండి. రెండు వారాలకు అందులో సగం కొట్టేయొచ్చు. మిగిలినవాటికి ఆ ఫోను వాడే ఎవరినైనా అడగండి. పదోతరగతి పిల్లలైతే నేర్పరు, చేతిలోంచి లాక్కుని చేసిచ్చేస్తారు. మీ వయసువాళ్లనే అడగండి.

పాత ఫోనును నెలరోజులు అమ్మొద్దు. సిమ్ము లేకుండా ఇంటి వైఫై మీద ఉంచండి. ఏదో ఒకటి మరిచిపోయి ఉంటారు: ఆథెంటికేటర్ యాప్‌లోని కోడ్లు, వాయిస్ రికార్డర్‌లో నాన్నగారి గొంతు, నోట్సులో గ్యాసు కన్సూమర్ నంబరు. అన్నీ వచ్చాయని నమ్మకం కుదిరాక అమ్మకానికి సిద్ధం చేయండి. ఆండ్రాయిడ్ అయితే ముందు సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతా తీసేసి, ఆ తర్వాతే రీసెట్ చేయాలి. వరస తప్పితే కొన్నవాడికి పాత పాస్‌వర్డు అడుగుతూ ఫోను బిగుసుకుపోవచ్చు, అతను మళ్లీ మీ ఇంటికే వస్తాడు. ఐఫోన్ అయితే ఫైండ్ మై ఆపి, ఆపిల్ ఖాతాలోంచి బయటికి రావాలి. మెమరీ కార్డు, సిమ్ము తీశారో లేదో చూసుకోండి. అమ్మేముందు స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టి, తెరమీద వచ్చే ఐఎంఈఐ నంబరు రాసి పెట్టుకుని, కొన్నవాడి చేత రసీదు మీద ఆ నంబరుతో సహా సంతకం పెట్టించుకోండి. మీరే పాతది కొంటున్నట్లయితే కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, కాస్త ఖాళీ వదిలి ఆ ఐఎంఈఐ చేర్చి 14422కు ఎస్ఎంఎస్ పంపండి. అది దొంగసొత్తుగా బ్లాక్ చేసిన ఫోనైతే జవాబులో తెలిసిపోతుంది, డబ్బు చేతులు మారకముందే.